ముప్ఫై అడుగుల జాతీయ రహదారి

కేంద్ర రోడ్డు రవాణా శాఖ వారి దివ్యసముఖమునకు మా వీధివాసులు చేసుకొను మనవి ఏమనగా, మా వీధికి తక్షణం ఒక జాతీయ రహదారి నంబరు మంజూరు చేయించ ప్రార్థన. ఏ నంబరైనా సరే. 65 మాత్రం వద్దు. అది మా పక్కనే మియాపూర్ మీదుగా పోతోంది. పైగా ఉదయం తొమ్మిదింటికి దాని మీద బళ్లు నిలబడి ఉంటాయి, మా వీధిలో కనీసం హారన్లైనా కొడుతుంటాయి.

అర్హతల విషయానికి వస్తాను. లేఅవుట్ ప్లానులో మా వీధి వెడల్పు 30 అడుగులు. ఆదివారం టేపు పట్టుకుని నేనే కొలిచాను. ఎడమ వైపు ఇళ్ల ర్యాంపులు రోడ్డు మీదికి 4 అడుగులు వచ్చాయి. కుడి వైపువాళ్లు కాస్త మొహమాటస్తులు, మూడున్నరతో ఆగారు. ఇంట్లో పార్కింగును పీజీ హాస్టలుకి అద్దెకిచ్చినవాళ్ల కార్లు వీధిలో ఒక వరస, 6 అడుగులు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దాన్ని ఆనుకున్న ఇస్త్రీ బండి కలిపి 3. మిగిలింది పదమూడున్నర. ఈ పదమూడున్నర అడుగుల్లో స్కూలు బస్సు ఇటునుంచి, నీళ్ల ట్యాంకరు అటునుంచి, మధ్యలో నగరంలోని సాఫ్ట్‌వేర్ రంగంలో గణనీయమైన భాగం.

వీళ్లంతా ఎక్కడివాళ్లంటే, ఆల్విన్ చౌరస్తా నుంచి కొండాపూర్ వెళ్లాల్సినవాళ్లు. మ్యాపులో హఫీజ్‌పేట రోడ్డు ఎర్రబడగానే ఫోన్లోని ఆడగొంతు ‘ఎడమవైపు తిరగండి’ అంటుంది. పెళ్లాం చెప్పినా, తల్లి చెప్పినా, ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తి చెప్పినా తిరగని మనిషి ఆవిడ చెబితే తిరుగుతాడు. రెండు నిమిషాలు ఆదా అంటుంది ఆవిడ. నిజమే. ఆ రెండు నిమిషాలూ ఆదా చేసుకున్నవాళ్లందరూ కలిసి మా ఇస్త్రీ బండి దగ్గర పావుగంట ఖర్చు పెడతారు. ఇస్త్రీ అన్న పెట్టె పక్కన పెట్టి, మెళ్లో తువ్వాలు తీసి ఊపుతూ, “సార్, జర రివర్స్ కొట్టుండ్రి! అమ్మా, అద్దం మడువు, అద్దం!” అని మొత్తం వ్యవహారం నడుపుతాడు. ఆయనకు జీతం లేదు. ఈలోపు కాలిన చొక్కాల్లో ఒకటి నాది.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనను. కొత్తగూడలో ఫ్లైఓవర్ కట్టింది, 2023 జనవరి 1న తెరిచింది. అక్కడిదాకా చేరడం మాత్రం మా బాధ్యతకు వదిలేసింది.

మేమూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. తొలి ప్రయత్నంగా స్పీడ్ బ్రేకర్ వేశాం. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగాలి. మాది ఎదురింటి స్లాబులో మిగిలిన కాంక్రీటుతో రాత్రికి రాత్రి మేస్త్రీ పోసినది. జానెడు ఎత్తు, జానెడు వెడల్పు. చూడ్డానికి ఎవరినో పాతిపెట్టినట్టు ఉంటుంది. తెల్లారి మొదట దాని మీద కడుపు రాసుకున్నది అసోసియేషన్ అధ్యక్షుడి కారే. బయటివాళ్లు మాత్రం దాని పక్కన, ర్యాంపు మీదుగా, సునాయాసంగా పోయారు.

తర్వాత గేటు ఆలోచన వచ్చింది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో సైన్యం తల్చుకుంటే రోడ్డు మూసేస్తుంది, మల్కాజిగిరి వాళ్లూ సైనిక్‌పురి వాళ్లూ ఏళ్ల తరబడి చుట్టూ తిరుగుతుంటారు. మనకూ ఒక గేటు, ఒక వాచ్‌మన్, ఒక విజిల్ ఉంటే చాలదా అన్నారు. కానీ అసోసియేషన్లో ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి ఉన్నాడు. లేఅవుట్ మంజూరైననాడే రోడ్లు మున్సిపాలిటీవి అయిపోయాయనీ, మూసే హక్కు మనకు లేదనీ, మన దగ్గర ఫిరంగులు కూడా లేవనీ గుర్తుచేశాడు. పైగా 2024లో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. కాలనీకీ కాలనీకీ మధ్య దారికి అడ్డంగా కట్టిన గోడల్ని పడగొట్టి రోడ్లు కలుపుతోంది. గేటు తీర్మానం అక్కడితో వీగిపోయింది. విజిల్ అప్పటికే కొనేశాం కనుక ఇస్త్రీ అన్నకు ఇచ్చాం.

మూడో వీధి పెద్దాయన కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. అక్కడ లియోనియా అనే చిన్న ఊరు, జార్జ్ వాషింగ్టన్ వంతెన పక్కనే. వంతెన మీద రద్దీ తప్పించుకుందామని జనం ఊళ్లోకి దూరుతుంటే, 2018 జనవరిలో దాదాపు 60 వీధుల్ని రద్దీ వేళల్లో బయటివాళ్లకు మూసేశారు. దూరితే 200 డాలర్లు జరిమానా. స్థానికుల కార్లకు పసుపు చీటీలు. పెద్దాయన ఇది చదివి వినిపించినప్పుడు సభలో చప్పట్లు మోగాయి. ఆ ఏడాదే కోర్టు ఆ నిబంధనల్ని కొట్టేసిందన్న రెండో పేజీ ఆయన చదవలేదు. చీటీలు మాత్రం అచ్చయ్యాయి. పసుపు రంగే. కార్లకు వేలాడదీస్తే కొత్త బండి పూజ అనుకుని అందరూ స్వీట్లు అడిగారు.

ఇక కుర్రాళ్ల వంతు. 2020లో బెర్లిన్లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు 99 ఫోన్లు ఒక చిన్న బండిలో వేసుకుని ఖాళీ వీధిలో నెమ్మదిగా లాక్కెళ్తే, గూగుల్ మ్యాపు అక్కడ ట్రాఫిక్ జామ్ అయిందనుకుని ఆ వీధిని ఎర్రగా చూపించిందట. మేమూ ఫోన్లు పోగు చేశాం. పదకొండు వచ్చాయి. నాలుగింటికి బ్యాటరీ ఉబ్బింది, రెండు బటన్లవి. కూరగాయల బండిలో టమాటాల కింద పెట్టి తిప్పుదామంటే, అసలు జామ్‌లోనే ఆ బండి ఇరుక్కుపోయి కదల్లేదు. దొంగ జామ్ సృష్టించడానికి నిజం జామ్ అడ్డొచ్చింది. బండివాడు మాత్రం కార్ల అద్దాల్లోంచి అరకిలో, పావుకిలో అమ్ముకుని పదింటికల్లా బండి ఖాళీ చేశాడు. వీధి పరిస్థితి మీద ఫిర్యాదు లేని ఒకే ఒక్క పౌరుడు అతను.

పరిష్కారం మేము వెతకని చోట దొరికింది. మా నాలుగో ఇంటి బామ్మగారు తొంభై దాటి హాయిగా పోయారు. పెద్దకర్మ రోజున రోడ్డుకి అడ్డంగా షామియానా వేశారు. ఎనిమిదిన్నరకు మొదటి కారు వచ్చింది. షామియానా చూసింది. హారన్ కొట్టలేదు! మెల్లగా వెనక్కి పోయింది. తర్వాతదీ అంతే. ఆ ఉదయం మా పిల్లలు వీధిలో క్రికెట్ ఆడారు. నాకు కోయిల కూత వినిపించింది, ఆ సమయానికి అలా అనకూడదు గానీ.

అసోసియేషన్ ఆ సాయంత్రమే సమావేశమైంది. టెంట్ హౌస్ వాడితో నెల బేరం కుదిరింది. సోమ నుంచి శుక్ర, ఎనిమిది నుంచి పదిన్నర, ఒక షామియానా, పాతిక ప్లాస్టిక్ కుర్చీలు. దండ వేసిన ఫోటో ఎవరిది పెట్టాలన్న దగ్గర చర్చ గంట సాగింది. ఎవరూ ముందుకు రాలేదు. చివరకు కోశాధికారి ఖాళీ ఫ్రేమును రోడ్డుకి వీపు పెట్టి నిలబెట్టమన్నాడు. ఎవరైనా అడిగితే తల దించుకోవాలి, అంతే. అబద్ధం ఆడినట్టు కాదు.

మొదటి వారం బ్రహ్మాండం. ఒక కుర్రాడైతే క్యాబ్ దిగి, బూట్లు విప్పి, వచ్చి కుర్చీలో ఐదు నిమిషాలు కూర్చున్నాడు. “చాలా మంచి మనిషి అంకుల్” అన్నాడు నాతో. నేను తల దించుకున్నాను. వెళ్తూ వెళ్తూ, “భోజనాలు ఎన్నింటికి?” అని అడిగాడు.

నిన్న నాకు కొండాపూర్లో అర్జంటు పని పడింది. మా వీధిలో షామియానా ఉంది, మెయిన్ రోడ్డు ఎర్రగా ఉంది. వెనక కాలనీలోంచి పోనిచ్చాను. నేను రోజూ వెళ్లే దారే అది, అదివేరే సంగతి. రెండో మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా షామియానా. ఫోటో అటు తిరిగి ఉంది. గుమ్మం దగ్గర పెద్దమనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. కారు ఆపి దిగి దణ్ణం పెట్టి, “ఎవరండీ పోయింది?” అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

వెనక్కి తిప్పుకుంటుంటే కుర్చీల వీపుల మీద తెల్ల పెయింటు అక్షరాలు ఎక్కడో చూసినట్టు అనిపించాయి. టెంట్ హౌస్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. “సార్, మంచిగ కనవడ్డరు. రేపటి సంది మీ కాడ పది కుర్చీలే ఏస్త. ఇంకో నాలుగు కాలనీలు బుక్ అయినయ్.”