చీలిన ఫోమ్: అతకాలా, మార్చాలా?

(సోఫా సీటు ఫోమ్ ముందంచున బెత్తెడు పొడవున చీలింది. కొత్తది వేద్దామని తమ్ముడు, అతుకుదామని అక్క.)

తమ్ముడు: దీనికి జిగురు రాయడం దండగ అక్కా! పోయినసారి అతికిన చోటు పక్కనే మళ్లీ చీలింది కదా.

అక్క: పోయినసారి నువ్వు రాసింది ఎండితే గాజులా బిగుసుకుపోయే జిగురు. ఫోమ్ వంగుతుంది, ఎండిన జిగురు గీత వంగదు. కూర్చున్నప్పుడల్లా లాగుడంతా గీత అంచున పడి అక్కడే తెగింది. ఫోమ్‌ను ఎందుకు తిడతావు?

తమ్ముడు: మరి దేంతో అతకాలంటావు?

అక్క: ఎండినా సాగే రబ్బరు జిగురుతో. చీలికను విప్పి రెండు వైపులా పల్చగా పూసి, ఆగాలి. వేలు పెడితే పట్టుకోవాలి గానీ తడి అంటకూడదు. అప్పుడు కలిపి గట్టిగా నొక్కాలి. తడిమీదే అంటించేసి "పట్టలేదు" అనేవాళ్లే ఎక్కువ.

తమ్ముడు: ఆ జిగురు తగిలే నా థర్మాకోల్ బొమ్మ కరిగి గుంట పడింది!

అక్క: థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ రా. అందులో దాదాపు 98 శాతం గాలే. జిగురులోని ద్రావకం ఆ గాలి బుడగల పల్చటి గోడల్ని కరిగించేస్తుంది. దానికి నీళ్లలో కలిసే తెల్ల జిగురు వాడాలి. సోఫాలో ఉన్నది పాలీయురేథేన్ అనే వేరే ప్లాస్టిక్, అంత తేలిగ్గా కరగదు.

తమ్ముడు: సరే, ఈ కిటికీ వైపు మూల చూడు. పసుపెక్కింది, గోరుతో గీకితే పొడి రాలుతోంది. దీన్నీ అతుకుతావా?

అక్క: లేదు. అక్కడ నీ మాటే నిజం. ఎండకీ గాలికీ ఫోమ్ గోడలే చివికిపోయాయి. జిగురు పొడికి పట్టుకుంటుంది, ఆ పొడితోనే ఊడొస్తుంది. ఆ మూల కోసేసి కొత్త ముక్క పెడదాం. కొత్త బ్లేడుతో కొయ్యి. మొద్దు బ్లేడు ఫోమ్‌ను పీకుతుంది, ఆ పీకిన గాటే రేపటి చీలిక. ఇకనుంచి తొడుగు లేకుండా ఎండలో వదలొద్దు.

తమ్ముడు: మిగతాది నొక్కి వదిలితే బాగానే లేస్తోంది, ఒప్పుకుంటాను. కానీ అసలు ముందంచే ఎందుకు చీలింది? అది తేలకుండా అతికితే మళ్లీ ఇదే కథ.

అక్క: ఫోమ్ ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడు.

తమ్ముడు: ...చెక్క అంచు కత్తిలా ఉందక్కా. చీలిక సరిగ్గా దాని మీదే ఉంది.

అక్క: అయితే ముందు గరుకు కాగితం తీసుకురా. అంచు గుండ్రంగా అరగదీసి, మందపాటి గుడ్డ చుట్టాకే జిగురు మూత తీద్దాం.