హారంలో తిష్ఠ వేసిన ఎక్స్ గారికి

మహారాజశ్రీ ఎక్స్ గారికి,

విజయనగరం గంటస్తంభం దగ్గరి ట్యూషన్ గది నుంచి రాయునది.

లవంలో ఉన్నంతకాలం తమరంత మర్యాదస్తులు లేరు. హారంలోకి దిగాకే అసలు గుణం బయటపడుతుంది. నిన్న మధ్యాహ్నమంతా మింగేశారు, అదీ ఒక్క లెక్కతో:

ఎక్స్/(ఎక్స్ − 3) + 2/(ఎక్స్ + 3) = 18/(ఎక్స్² − 9)

పిల్లలు ఏం తక్కువ చేశారు చెప్పండి? హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) (ఎక్స్ − 3)(ఎక్స్ + 3) అని పట్టారు. మూడు పదాలనూ దాంతో గుణించారు. ఎక్స్(ఎక్స్ + 3) + 2(ఎక్స్ − 3) = 18. సర్దితే ఎక్స్² + 5ఎక్స్ − 24 = 0. కారణాంకాలు (ఎక్స్ + 8)(ఎక్స్ − 3). అంటే −8, 3. ఎక్కడా గుర్తు తప్పలేదు. ఆ తర్వాత సగం మంది, మైనస్ వచ్చింది కదా అని −8ని కొట్టేసి, 3 చుట్టూ డబ్బా గీసి చేతులు కట్టుకున్నారు.

−8 చేసిన పాపమేటండీ? ఎడమవైపు 8/11 − 2/5, అంటే 18/55. కుడివైపూ 18/55. తమరి 3 పెడితే మొదటి హారమే సున్నా, ఇంక భాగించడమే కుదరదు!

సిరిమాను జాతరలో జేబుదొంగలా దూరింది ఆ 3. తలుపు తీసింది క.సా.గు.యే. ఎక్స్ 3 అయితే (ఎక్స్² − 9) సున్నా. సున్నాతో గుణిస్తే 5కీ 500కీ తేడా ఉండదు, రెండు వైపులూ సమానమైపోతాయి. తిరిగి భాగించుకుని వెనక్కొద్దామంటే దారే లేదు.

మైనస్ కనిపిస్తే కొట్టేసే ఈ అలవాటు రైలు లెక్కలది. 360 కిలోమీటర్లు, వేగం 5 పెరిగితే గంట ముందే చేరే బండి: 360/ఎక్స్ − 360/(ఎక్స్ + 5) = 1. జవాబులు 40, −45. గంటకు −45తో ఆమదాలవలసలో బయల్దేరిన బండి ఎటు పోతాదో గానీ, సమీకరణానికి అది సరిపోతుంది: −8 + 9 = 1. వేగం కాబట్టి వద్దన్నాం, అంతే. దానికీ 3కీ సాపత్యమేంటి?

మీ చిల్లర పనులూ తెలుసు. భిన్నాల పక్కన ఒంటరిగా నిలబడ్డ 2ని గుణించకుండా వదిలేయించడం. −(ఎక్స్ − 2)ని −ఎక్స్ − 2 చేయించడం. (ఎక్స్ + 3)/ఎక్స్‌లో పైనా కిందా ఎక్స్‌లు కొట్టేయించడం. మూడు పదాలున్నచోట అడ్డగుణకారానికి ఎగబడేవాళ్ల సంగతి ఇక్కడ ఎత్తను, బీపీ పెరుగుతుంది.

ఇంక మర్యాదల్లేవు. ఏటనుకుంటున్నావు నువ్వు? రేపట్నుంచి క.సా.గు. ముట్టుకోకముందే, లెక్క నెత్తిన ఎక్స్ ≠ 3, ఎక్స్ ≠ −3 అని రాయిస్తాం. వచ్చిన జవాబుని మొదటి సమీకరణంలోనే పెట్టి చూస్తాం. సర్దినదాంట్లో కాదు, అక్కడైతే నీ 3 కూడా బుద్ధిమంతుడిలా సున్నా చూపించేస్తాది. అప్పుడు దూరు, చూద్దాం.

ఇట్లు,
ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్న లెక్కల మాస్టారు