మహారాజశ్రీ గోదావరి మర్యాద గారికి

మహారాజశ్రీ గోదావరి మర్యాద గారి దివ్యసముఖమునకు, అమలాపురం దగ్గర ఒక పల్లెటూరి కోడలు నమస్కరించి వ్రాసుకొను లేఖ.

ఉభయకుశలోపరి. మీ కుశలానికి లోటేముందిలెండి. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడి ముందు 365 రకాల వంటకాలు పెట్టించి, దేశమంతా నోరెళ్ళబెట్టేలా చేశారు. ఏటిగట్టు మీద బండాపి దారి అడిగినవాణ్ణి కూడా "ఎండనపడి వచ్చారు, మజ్జిగ పుచ్చుకుని వెళ్దురుగాని" అని అరుగెక్కిస్తారు. కాదనను. నేనూ మీ చేతి కింద పెరిగినదాన్నే. ఇంటికొచ్చినవాళ్ళని "తిన్నారా?" అని కాకుండా "ఎంత తిన్నారు?" అని అడిగే ఇంట్లో పుట్టి, అంతకన్నా గట్టిగా అడిగే ఇంటికి కోడలిగా వచ్చాను.

మా పాపకి ఏడేళ్ళు. ఆటిజం. ఈ మాట చదవగానే మీ మొహం ఎలా మారి ఉంటుందో నాకు తెలుసు. "అయ్యో పాపం" అని ఒక నిట్టూర్పు, వెంటనే "కాఫీ తాగుతావా?" మీ దగ్గర ఏ కష్టానికైనా మొదటి మందు కాఫీయే. తాగుతాను, కాస్త పంచదార తగ్గించండి. ఈలోపు నా ఫిర్యాదు వినండి.

మీకు వడ్డించడం వచ్చినంత బాగా అడగడం రాదండి.

మా పాప తినేవి తెల్లన్నం, గడ్డపెరుగు, కాల్చిన అప్పడం, ఒకే రకం బిస్కెట్టు. అన్నంలో ఒక్క తిరగమోత గింజ కనిపించినా కంచం పక్కకి జరుగుతుంది. ఇది పెంకితనం కాదు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి వాసన, రుచి, నోట్లో తగిలే మెత్తదనం, గరుకుదనం మనకి తెలిసినంత మామూలుగా తెలియవు. మనకి కమ్మగా ఉన్న ఇంగువ పోపు వాళ్ళకి ముక్కులో పొడిచినట్టు ఉండొచ్చు. ఇదంతా మీకెందుకు? మీరు ఆత్రేయపురం పూతరేకు పట్టుకుని బయల్దేరతారు. "ఒక్క ముక్క, అమ్మడూ! నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది." ఆ కరిగిపోవడమే దానికి భయమండీ. వద్దని తల తిప్పుకుంటుంది. మీ నిఘంటువులో "వద్దు" అంటే "ఇంకాస్త బతిమాలండి" అని కదా అర్థం! గడ్డం పట్టుకుని బలవంతంగా పెదవుల మధ్య కుక్కుతారు. అది చెవులు మూసుకుని, నేల మీద పడి, గుక్కపట్టి ఏడుస్తుంది. అప్పుడు మీరు చేతులు కడుక్కుంటూ అంటారు, "గారం ఎక్కువైందమ్మా, ఒకటి తగిలిస్తే అన్నీ తింటుంది."

అదే ఏ అల్లుడు గారైనా 365 రకాల్లో 360 వదిలేస్తే మీకు కోపం రాదు. సుగర్ ఉందేమోలే అని సర్దుకుంటారు.

ఫంక్షన్ హాళ్ళలో మీ వైభవం సంగతి. పూర్వం సన్నాయి మేళం ఉండేది, ఇప్పుడు మనిషెత్తు డీజే బాక్సులు. పెళ్ళికూతురి మెడలో మూడు ముళ్ళు పడేసరికి చెవుల్లో ఆరు చిల్లులు పడతాయి. మా పాపకి చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్ లాంటిది కొన్నాం. దాని గురించి హాల్లో ఉన్న ప్రతి వదినగారికీ, బాబాయిగారికీ నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి. "ఇప్పటినుంచే పాటలు వింటోందా?" అంటారు. పాటలు వినకుండా ఉండడానికండీ, అంటే నమ్మరు. మీరు ప్రేమగా ముందు వరుసలో, సరిగ్గా ఆ బాక్సు పక్కనే కుర్చీ వేయిస్తారు. వెనక కూర్చుంటాం అంటే మీకు నామోషీ. "వెనక కూర్చోబెట్టామని మీ అత్తగారు ఏమనుకుంటారు?" అంటారు. మా అత్తగారు ఏమనుకుంటారో మీకు బాగా తెలుసు. పాప ఏమనుకుంటుందో మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

భోజనాలయ్యాక మీ సలహా మండలి సమావేశం. కోరం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

దొడ్డమ్మగారు "వసకొమ్ము అరగదీసి నాకించారా?" అని అడుగుతారు. నాకించాం. పాపకి మాటలు రాలేదు గాని వసకొమ్ము కొట్టువాడికి నాలుగు డబ్బులొచ్చాయి. మావయ్యగారు సెల్‌ఫోన్‌ని తిడతారు. ఆ తిట్టడం కూడా సెల్‌ఫోన్‌లో వీడియో చూస్తూనే. ఫోన్ ఎక్కువ చూస్తే ఏ పిల్లలకైనా మంచిది కాదు గాని, ఆటిజం ఫోన్ వల్ల పుట్టేది కాదు. లియో కానర్ అనే డాక్టరు 1943లో దీని గురించి రాసేటప్పటికి టీవీలే ఇంకా మన ఇళ్ళలోకి రాలేదు. ఒక పిన్నిగారు టీకా వల్లే అంటారు. ఆ పుకారుకి మూలం 1998లో ఇంగ్లండులో అచ్చయిన ఒక పరిశోధన వ్యాసం. పన్నెండుమంది పిల్లల మీద రాసింది. అది తప్పని తేలి, అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. వ్యాసం వెనక్కి వెళ్ళింది గాని పుకారు మాత్రం గోదావరి దాటి లంకల్లో స్థిరపడింది.

అన్నిటికన్నా పెద్దది చివరకి వస్తుంది. నా వైపు చూడకుండా మా అత్తగారి వైపు చూసి అంటారు: "కోడలు ఉద్యోగానికి వెళ్ళేది కదూ అప్పట్లో..." మీరేదో కొత్తగా కనిపెట్టారనుకోకండి. అమెరికాలో పెద్దపెద్ద డాక్టర్లే ఒకప్పుడు తల్లి ప్రేమ చూపకపోవడం వల్ల ఇది వస్తుందని చెప్పి, ఒక తరం తల్లుల్ని కాల్చుకు తిన్నారు. తర్వాత అది శుద్ధ తప్పని తేలింది. పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా ఇది, జన్యువుల పాత్ర ఎక్కువ. వాళ్ళు ఆ మాట వదిలేసి చాలా కాలమైంది. మీరు మాత్రం ఆవకాయలా ఏడాదికోసారి కొత్తగా కలుపుతున్నారు.

అసలు మాకు తెలియడమే ఆలస్యమైంది. ఏడాది నిండిన పిల్ల పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకి తనకి కావలసినదాన్ని వేలు పెట్టి చూపించకపోయినా, రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోయినా డాక్టరుకి చూపించాలి. అంగన్‌వాడీ టీచరు చెప్పింది కూడా. మీరు ఊరుకోనిస్తేనా? "ఆడపిల్ల కదా, నెమ్మదస్తురాలు" అన్నారు. "వాళ్ళ తాతకి ఐదేళ్ళకి మాటలొచ్చాయి, తర్వాత పంచాయతీ ప్రెసిడెంటు అయ్యాడు" అన్నారు. కోటిపల్లి - నరసాపురం రైలు కోసం మన వాళ్ళు ఎదురుచూస్తున్నట్టే మేమూ మాటల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. చిన్న వయసులో థెరపీ మొదలుపెడితే పిల్లలు అందుకునేది ఎక్కువ. ఆ వయసునే మీరు ఓదార్పుతో ఖర్చు పెట్టించారు. ఓదార్పుకి బిల్లు ఉండదు కదా, ఎంతయిందో ఎవరికీ తెలియదు.

తెలిశాక మీ ప్రవర్తన మారింది. అంతకుముందు కొసరి కొసరి వడ్డించినవారు, ఇప్పుడు పిలవడం మానేశారు. కసిరి మానేస్తే నేనూ నాలుగు మాటలని ఊరుకునేదాన్ని. మీరు మర్యాదగా మానేశారు. గృహప్రవేశం అయిపోయిన మూడో రోజు డబ్బానిండా మడతకాజాలు పట్టుకుని ఇంటికొచ్చి, "పిలుద్దామనే అనుకున్నామమ్మా. అంత జనంలో పాపకి ఇబ్బంది, నీకు టెన్షన్. అందుకే..." అన్నారు. నా కష్టం మీద మీకున్న శ్రద్ధకి కళ్ళు చెమర్చాయి. మా పాపకి జనంలో ఇబ్బందే. దానికి మార్గం ఏమిటని నన్నొక్క మాట అడగచ్చు కదా? ముందురోజు సాయంత్రం రమ్మనొచ్చు, పందిరి చూసుకుని అలవాటు పడేది. మేడ మీద గది ఒకటి తాళం తీసి ఉంచొచ్చు. పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు తరఫువాళ్ళ సిగరెట్లకి ఎలాగూ ఒక గది కేటాయిస్తున్నారు కదా.

పిలుపు మానేస్తే నష్టం పాప ఒక్కదానికే కాదు. దాని అన్నకి కజిన్లు లేకుండా పోయారు. మా ఆయన పేరంటం మాటెత్తితే పొలం వెళ్ళిపోతారు. నేను చీరలు కొనడం మానేశాను, అదొక్కటే ఇంటికి లాభం.

అన్నట్టు, "ఆరు వేలు పింఛను వస్తోందటగా, అదృష్టవంతులు" అని కూడా మీరే అన్నారు. ఆ పింఛనుకి సదరం అని వైకల్య సర్టిఫికెట్ కావాలి, దాని కోసం స్లాటు దొరకాలి, శిబిరానికి పాపని తీసుకెళ్ళాలి, కొత్త మనుషుల ముందు కూర్చోబెట్టాలి, వైకల్యం నలభై శాతమైనా ఉందని డాక్టర్లు రాయాలి. ఆ వరండాలో నాలాంటి తల్లులు విచిత్రమైన ప్రార్థన చేస్తుంటారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పిల్ల బాగుండాలి, ఈ ఒక్క గంట మాత్రం డాక్టరుకి ఉన్నదున్నట్టు కనిపించాలి! థెరపీకి యానాం వంతెన మీదుగా కాకినాడ వెళ్ళొచ్చేసరికి రోజు గడిచిపోతుంది. అదృష్టం అనుకునేవాళ్ళెవరైనా ఉంటే ఒకసారి బస్సులో మా పక్కన కూర్చోమనండి. పాప కిటికీ పక్క సీటు మాత్రం ఇవ్వదు.

చట్టానికి మీకన్నా మర్యాద తెలుసేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016 చట్టం దాన్ని కూడా చేర్చి, జాబితాని 21కి పెంచింది. "మీ తర్వాత దీన్నెవరు చూస్తారమ్మా?" అని మీరు సరిగ్గా నేను ముద్ద నోట్లో పెట్టుకునే వేళకి అడుగుతారే, ఆ ప్రశ్నకి 1999లోనే నేషనల్ ట్రస్ట్ చట్టం కొంత దారి చూపింది. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి సంరక్షకుల్ని నియమించడానికి జిల్లాలో కలెక్టరు ఆధ్వర్యంలో కమిటీ ఉంటుంది. అదే ట్రస్టు కింద నిరామయ అని లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది, థెరపీ ఖర్చుకీ పనికొస్తుంది. ఇవి నాకు బంధువులెవరూ చెప్పలేదు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది కదా, అక్కడ పరిచయమైన ఇంకో తల్లి చెప్పింది. ఆవిడది లంక గ్రామం. వరదల్లో పడవ దాటి కొడుకుని తీసుకొస్తుంది. నాకన్నా కష్టంలో ఉన్న మనిషి, నా ఫారాలు నింపి పెట్టింది.

ఆ కేంద్రం బయట చెట్టు కింద మేం నలుగురైదుగురు తల్లులం కూర్చుంటాం. అక్కడ ఎవరి పిల్లలు గుండ్రంగా తిరిగినా ఎవరూ చూడరు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు పిల్లని చూస్తారు. ఏ డాక్టరు విసుక్కోడు, ఏ బార్బరు కత్తెర చప్పుడు చేయకుండా జుట్టు కత్తిరిస్తాడు, ఏ బడిలో టీచరు తలుపు మొహం మీద వేయదు, ఇవన్నీ అక్కడ తెలుస్తాయి. ఫ్లాస్కులో కాఫీ మాత్రం చల్లారిపోయి ఉంటుంది. మీ ప్రమాణాలకి అదసలు మర్యాదే కాదు.

మీ పుట్టింటి సంగతి మీకు గుర్తు చేయాల్సి వస్తోంది. లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారని ఒక ఇల్లాలు ఉండేవారు. 1909లో పోయారు. వేళగాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండిపెట్టిన మనిషి. ఆవిడ గురించి మనవైపు ఒక సంగతి చెప్పుకుంటారు. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరి దారిలో ఆగితే, ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని వాళ్ళ పెద్దవాళ్ళు "ఇంకాసేపట్లో సీతమ్మగారి ఇల్లొస్తుంది" అని సముదాయిస్తున్నారట. అది విని ఆవిడ దర్శనం మానుకుని, వాళ్ళకన్నా ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారట. ఆవిడ ఆ పిల్లలకి 365 రకాలు పెట్టి ఉండరు. అడిగింది పెట్టి ఉంటారు. ఆవిడ ఫొటోకి దండలు వేసేది మీరే, మా పాప నోట్లో పూతరేకు కుక్కేదీ మీరే. ఇద్దరూ ఒకరేనా అని నాకు అనుమానం.

కనుమనాడు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వెళ్ళేటప్పుడు చూశారు కదా. పచ్చటి చేల మధ్యనుంచి మోసుకెళ్తారు. పంట తొక్కుడు పడుతుంది. రైతు ఒక్క మాట అనడు, తన చేలోంచి వెళ్ళడమే భాగ్యమనుకుంటాడు. అంత పంటని తొక్కించుకున్న ఊళ్ళో, మా పాప పంక్తి మధ్యలోంచి ఒకసారి పరిగెడితే "ఆకు తొక్కింది" అని పది మంది లేచారు.

మొన్న ఒక భోజనాల్లో మాత్రం ఒక వింత జరిగింది. వడ్డించే కుర్రాడు, పదహారో పదిహేడో ఏళ్ళుంటాయి, బొబ్బట్ల పళ్ళెంతో వచ్చి పాపని చూశాడు. పెట్టలేదు. నన్నడిగాడు, "పాప ఏం తింటాదండి?" చెప్పాను. లోపలికెళ్ళి ఉత్త అన్నం, పెరుగు, నూనెలో వేయించకుండా పొయ్యి మీద కాల్చిన అప్పడం తెచ్చాడు. పెరుగు అన్నానికి తగలకుండా వేరే గిన్నెలో పోశాడు. ఇంకేం మాట్లాడలేదు, పక్క ఆకుకి వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడికి రోజుకూలీ ఎంతిస్తారో గాని, మీ శాఖకి అతన్ని అధిపతిగా వేయించమని నా మనవి.

మాఘమాసంలో మా మరిది పెళ్ళి. మీరు లేకుండా జరగదు కాబట్టి ముందుగానే అర్జీ పెట్టుకుంటున్నాను. మా పాపకి పదకొండున్నరకల్లా, మిగతా పెళ్ళివారందరికన్నా ముందు అన్నం పెట్టించండి. పరువు పోతే నా ఖాతాలో రాయండి. తాళి కట్టే పది నిమిషాలు ఆ డీజే బాక్సులు ఆపించండి. మంత్రాలు వినపడితే పురోహితుడు కూడా సంతోషిస్తాడు. మేడ మీద గది తాళంచెవి నా కొంగుకి ముడేసి ఇవ్వండి. పాపని ముద్దు పెట్టుకోబోయే ముందు దాన్ని అడగమని అత్తయ్యలకి చెప్పండి. అది చెయ్యి అడ్డం పెడితే జవాబు వచ్చినట్టే.

ఇట్లు,
మీ వంటింటి తలుపు పక్కన నిలబడ్డ కోడలు

తా.క.: వసకొమ్ము దొడ్డమ్మగారికి, సెల్‌ఫోన్ మావయ్యగారికి, పిన్నిగారికి పెళ్ళిరోజున తలా ఒక గంట డ్యూటీ వేశాను. మేడ మీద గదిలో పాపతో కూర్చోవాలి. సలహాలు కిందే చెప్పుల దగ్గర వదిలి రావాలి. నేను ఆ మూడు గంటలూ కింద, పంక్తిలో, మొదటి బంతిలో కూర్చుంటాను. నాకు పూతరేకులు రెండు, కొసరకుండానే వేయండి.