పరిశోధన ఫైలెక్కాలంటే

పొదిలి, దర్శి ప్రాంతాల్లో జనం పళ్లు గారపట్టడానికి, ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగకపోవడానికి కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1937లోనే తేలింది. అప్పట్లో ఆ ఊళ్లు నెల్లూరు జిల్లాలో ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ సంగతిని వైద్య పత్రికలో అచ్చువేశారు. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు మీద మన దేశం నుంచి వెలువడిన తొలి నివేదికల్లో అదొకటి. 1970ల్లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ పల్లెల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని గమనించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. అదే దశకంలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం వాడి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. జబ్బు తెలిసింది, కారణం తెలిసింది, విరుగుడూ దొరికింది. తెలంగాణలో ఇంటింటికీ శుద్ధి చేసిన నదీజలాలు ఇచ్చే మిషన్ భగీరథ మొదలైంది మాత్రం 2016 ఆగస్టులో. షార్ట్ నివేదికకు అప్పటికి 79 ఏళ్లు.

మధ్యలో ఏ ప్రభుత్వమూ ఏమీ చేయలేదని మేము అనడం లేదు. పథకాలు వచ్చాయి, ఆగాయి, మళ్లీ వచ్చాయి. కానీ శాస్త్రవేత్త రాసిన కాగితం ఇంజినీరు అంచనాగా మారి, ఆర్థిక శాఖ దగ్గర నిలబడి, జీవోగా బయటికి రావాలంటే దాన్ని మొదటి నుంచి చివరిదాకా వెంటపడి మోసే మనిషి కావాలి. ఆ మనిషిని శిక్షణ ఇచ్చి తయారుచేసే పని మన దగ్గర ఎవరిదీ కాదు. వైద్య కళాశాలలో నేర్పరు, ఐఏఎస్ శిక్షణలో పైపైన తాకి వదిలేస్తారు. ఇది రెండు తెలుగు రాష్ట్రాలూ వెంటనే పట్టించుకోవాల్సిన లోటు అని మేము గట్టిగా నమ్ముతున్నాం.

అలా మోయగలిగిన మనిషి ఉంటే ఏమవుతుందో చెప్పడానికి మన శ్రీకాకుళం బిడ్డే ఉన్నారు. ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల కింద కాంగ్రా లోయలో అయోడిన్ లోపంతో వచ్చే గొంతువాపు (గాయిటర్) మీద పని మొదలుపెట్టారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపిణీ చేయించారు. సుమారు ఐదేళ్ల తర్వాత చూస్తే అయోడిన్ ఉప్పు అందిన చోట బడిపిల్లల్లో గొంతువాపు బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. ఆ తర్వాత మూడో భాగానికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. కేంద్రం 1962లోనే జాతీయ గొంతువాపు నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. ఆయన ఆ అధ్యయనాన్ని కట్టిన తీరు చూడండి. మందుబిళ్ల పంచలేదు, ప్రభుత్వం రేపు దేశమంతటా చేయగలిగిన పనినే, అంటే ఉప్పులో కలపడాన్నే పరీక్షించారు. ఫలితం వచ్చిన రోజున అమలు ఎలా అన్న ప్రశ్నకు సగం జవాబు చేతిలోనే ఉంది.

ఆ కథ అక్కడితో సాఫీగా ముగియలేదు. దేశమంతా అయోడిన్ ఉప్పే ఉండాలని నిర్ణయించేసరికి 1980లు వచ్చాయి. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని 1997లో నిబంధన తెచ్చిన కేంద్రం, 2000లో దాన్ని ఎత్తేసింది. తిరిగి అమల్లోకి వచ్చింది 2006 మేలో. ఆ ఆరేళ్లలో శాస్త్రం ఏమీ మారలేదు. మారింది నిర్ణయం తీసుకునే కుర్చీలు, వాటి మీద పడిన ఒత్తిళ్లు. ఒకసారి విధానం అయినంత మాత్రాన ఆధారం క్షేమంగా ఉండదు. దాన్ని ప్రతి కొత్త మంత్రికీ, ప్రతి కొత్త కార్యదర్శికీ మళ్లీ వివరించి చెప్పేవాళ్లు శాఖలోనే ఉండాలి.

ఇంకో ఉదాహరణ మనందరి ఇళ్లకూ తగిలినది. కరోనా రోగులకు కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కిస్తే జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గడం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) స్వయంగా 39 ఆసుపత్రుల్లో 464 మందిపై చేసిన అధ్యయనంలో తేలింది. 2020 అక్టోబరులో అది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. జాతీయ చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించింది 2021 మే 17న. రెండో వేవ్ పతాక స్థాయిలో ఉన్న ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ల వాట్సాప్ గ్రూపుల నిండా ప్లాస్మా దాతల కోసం అభ్యర్థనలే. అర్ధరాత్రి ఫోన్లు చేసి, చేతులు జోడించి అడిగిన కుటుంబాలు ఎన్నో. వాళ్ల టెన్షన్, వాళ్ల డబ్బు, ఆ చివరి గంటలు పనికిరాని దాని వెంట పోయాయి. పని చేయదన్న మాట చెప్పిన సంస్థా మనదే, మార్గదర్శకాలు రాసే వ్యవస్థా మనదే. రెండింటికీ మధ్య ఏడు నెలలు పట్టింది. ఇందులో పత్రికల పాలూ ఉంది. దాతల ఫోటోలు వేసినంత ప్రముఖంగా ఆ అధ్యయనాన్ని మేమూ వేయలేదు. ఈ శిక్షణ మా విలేకరులకూ అవసరమే.

త్వరగా కదిలిన సందర్భాలూ లేకపోలేదు. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లకు నెలనెలా పోషకాహారం ఇస్తే కుటుంబంలో మిగతావారికి క్షయ సోకడం 39 శాతం తగ్గిందని 2023 ఆగస్టులో లాన్సెట్ ప్రచురించింది. 2024 నవంబరు నుంచి క్షయ రోగులకిచ్చే పోషణ భత్యం నెలకు 500 నుంచి 1,000 రూపాయలైంది. ఏడాదిన్నర లోపే. కానీ మహారాష్ట్రలోని గడ్చిరోలిలో వైద్యులైన బంగ్ దంపతులు ఇంటివద్దే నవజాత శిశువుల సంరక్షణపై 1999లో చూపించిన ఫలితం ఆశా కార్యకర్తల విధుల్లోకి రావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. ఎంత కాలం పడుతుందన్నది అదృష్టం మీద, ఎవరి పరిచయాల మీదో ఆధారపడకూడదు.

మరి శిక్షణ అంటే ఏమిటి? నక్షత్రాల హోటల్లో రెండు రోజుల వర్క్‌షాపు, సర్టిఫికెట్టు, గ్రూప్ ఫోటో మాకు అక్కర్లేదు. పరిశోధకుడు నేర్చుకోవాల్సింది ఒకటుంది, అధికారి నేర్చుకోవాల్సింది ఇంకోటి, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సింది మరోటి.

పరిశోధకుడికి ముందు సచివాలయం ఎలా నడుస్తుందో తెలియాలి. ఫైలు ఎక్కడ పుడుతుంది, ఎవరి నోట్ దగ్గర ఆగుతుంది, బడ్జెట్ ప్రతిపాదనలు ఏ నెలలో తయారవుతాయి అన్నవి తెలియకుండా మార్చి నెలాఖరులో గొప్ప నివేదిక తెచ్చి ఇస్తే అది బీరువాలోకే పోతుంది. 60 పేజీల పత్రాన్ని రెండు పేజీల్లో, తెలుగులో, ఖర్చు లెక్కతో సహా చెప్పగలగాలి. ఎంతమందికి మేలు, ఎంత డబ్బు, ఏఎన్ఎం మీద ఎంత అదనపు పని, చేయకపోతే ఏమవుతుంది? మంత్రి అడిగేవి ఇవే. 'ఇంకా పరిశోధన అవసరం' అన్న వాక్యంతో ముగిసే కాగితం ఆయనకు ఎందుకూ కొరగాదు. తెలిసినంతలో ఏం చేయవచ్చో చెప్పే ధైర్యం పరిశోధకుడికి రావాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బులకు అసలు కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. అలాగని నీళ్లు, డయాలసిస్, పింఛన్లు ఆపుకుని కూర్చోలేం కదా. తేలనిది ఏదో నిజాయితీగా చెబుతూనే ఇవాళ చేయాల్సింది చెప్పడం ఒక నైపుణ్యం. అది నేర్పితేనే వస్తుంది.

అధికారికి ఒక అధ్యయనాన్ని చదివి, దాని బలం ఎంతో పట్టుకోవడం రావాలి. ఒక ఆసుపత్రిలో 40 మందిని చూసి చెప్పిన మాటకూ, పదుల ఊళ్లలో పోల్చి చూసి చెప్పిన మాటకూ తేడా తెలియాలి. పరికరాలు, మందులు అమ్మే కంపెనీ ప్రతినిధి తెచ్చిన రంగురంగుల ప్రెజెంటేషన్‌లో ఏ అంకె దాచారో అడగగలగాలి. కొత్త పథకం ప్రకటించే ముందే దాని ఫలితాన్ని ఎలా కొలుస్తామో రాసిపెట్టుకునే అలవాటు రావాలి. ఇవన్నీ నేర్చుకున్న అధికారిని ఏడాది తిరక్కుండానే మార్కెటింగ్ శాఖకు బదిలీ చేస్తే నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆరోగ్య శాఖలో కీలక స్థానాలకు కనీసం మూడేళ్ల నిలకడ ఉండాలని మేము కోరుతున్నాం.

థాయిలాండ్ ఈ పని ముందే మొదలుపెట్టింది. పల్లెల్లో పనిచేసిన యువ వైద్యులను ఎంచి పై చదువులకు పంపి, తిరిగొచ్చాక ఆరోగ్య శాఖకు దగ్గరగా ఉండే పరిశోధన సంస్థల్లో పని ఇచ్చింది. ఏ చికిత్సకు ప్రజల సొమ్ము పెట్టవచ్చో లెక్కగట్టే హైటాప్ సంస్థ 2007లో ఏర్పడింది. 2008లో కిడ్నీ రోగుల డయాలసిస్‌ను ఉచిత పథకంలో చేర్చేటప్పుడు, అది ఖర్చుకు తగ్గ ఫలితం ఇచ్చేది కాదని లెక్కలు చెప్పాయి. అయినా కుటుంబాలు అప్పులపాలు కాకూడదని ప్రభుత్వం చేర్చింది. అయితే లెక్కలను పక్కన పడేయలేదు. ఇంటివద్దే కడుపు ద్వారా చేసుకునే డయాలసిస్‌కు మొదటి ప్రాధాన్యం ఇచ్చి ఆ మేరకు ఏర్పాట్లు చేసుకుంది. నిర్ణయం ప్రజాప్రతినిధులదే, అలాగే ఉండాలి. కానీ వాళ్ల ముందు లెక్క ఉండాలి.

మన కేంద్రం కూడా 2017లో ఇలాంటి మదింపు కోసం హెచ్‌టీఏ ఇండియా అనే వ్యవస్థను పెట్టింది. ఆరోగ్యశ్రీ వంటి పథకంలో ఏ చికిత్స చేర్చాలి, ఏ రేటు ఇవ్వాలి అన్నది నిర్ణయించేటప్పుడు అలాంటి మదింపును రాష్ట్రాలు నియమంగా పెట్టుకోవాలి. మనకు వనరులు తక్కువేమీ కాదు. జాతీయ పోషకాహార సంస్థ, అధికారులకు శిక్షణ ఇచ్చే ఆస్కి (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా), ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఉంది. అక్కడి పీజీ విద్యార్థులు రాసే థీసిస్‌లు జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌వో) టేబుల్ మీదికి రావడం లేదు. జిల్లాకు ఏ సమాధానం కావాలో డీఎంహెచ్‌వో అడగాలి, విద్యార్థి దాని మీదే థీసిస్ చేయాలి. దీనికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు.

రెండు రాష్ట్రాలూ ఆరోగ్య శాఖలో ఒక్కో ఆధారాల విభాగం పెట్టి, ఏటా అధికారులు, పరిశోధకులు, జిల్లా వైద్యులు కలిసిన 30 మంది బృందానికి ఆరు నెలల శిక్షణ ఇవ్వాలి. వాళ్ల చేతికి పాఠ్యపుస్తకం బదులు నిజమైన ఫైలు ఇవ్వాలి. తొలి ఫైలు ఏదో కూడా మేము చెబుతాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం, దేశ సగటు 21.5. సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం నర్సులకు కాన్పులు చేయడంలో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తోంది. ఆ నర్సులు ఉన్న లేబర్ రూముల్లో సహజ కాన్పులు ఎంత పెరిగాయి, ఎక్కడ పెరగలేదు, ముహూర్తం కోసం కోత అడిగే కుటుంబాలతో ఎవరు ఎలా మాట్లాడితే ఫలితం ఉంది, ప్రైవేటు ఆసుపత్రుల లెక్కలు ప్రతి నెలా బయటపెట్టిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నలన్నింటికీ జవాబులు జిల్లాల రికార్డుల్లో, లేబర్ రూమ్ రిజిస్టర్లలో ఉన్నాయి. మొదటి బృందం వాటిని తీసి, రెండు పేజీల్లో రాసి, వచ్చే బడ్జెట్ ప్రతిపాదనలు మొదలయ్యేలోగా ఇద్దరు ఆరోగ్య మంత్రుల చేతుల్లో పెట్టాలి.