ముహూర్తపు సిజేరియన్లు పసివాళ్ల ఊపిరి మీదికి తెస్తున్నాయి

తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దేశ సగటు 21.5. దీని మీద చర్చంతా ఆసుపత్రి బిల్లుల దగ్గర, తల్లి కుట్ల దగ్గర ఆగిపోతోంది. బిడ్డ ఊపిరితిత్తుల సంగతి ఎవరికీ పట్టడం లేదు.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవమే ఉంటుంది. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. అంతదాకా ద్రవాన్ని ఊరించిన ఊపిరితిత్తులే అప్పుడు దాన్ని పీల్చేసుకోవడం మొదలుపెడతాయి. తల్లి పడే ప్రతి నొప్పీ బిడ్డ మొదటి శ్వాసకు దారి చేస్తోందన్నమాట. మనమేమో అమావాస్య వస్తోందనో, మూల నక్షత్రం తగులుతుందనో నొప్పులు రాకముందే, 37వ వారంలోనే కోత పెట్టిస్తున్నాం. ద్రవం లోపలే ఉండిపోతే బిడ్డ ఆయాసపడుతుంది. డాక్టర్లు టీటీఎన్ అనేది దీన్నే. చాలామందికి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది, నిజమే. కానీ ఆ రోజులన్నీ బిడ్డ ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో ఆక్సిజన్ గొట్టంతో, తల్లి వార్డులో పాలు పిండుకుంటూ! గాలి గదులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ కూడా చాలకపోతే ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే సీపాప్ దాకా, ఒక్కోసారి వెంటిలేటర్ దాకా వెళ్తుంది.

ఇంటికొచ్చాక కూడా గమనిస్తూ ఉండాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట కదలికలు నిండు నిమిషం లెక్కపెట్టండి. 60 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మరోసారి లెక్కించండి. మళ్లీ అంతే ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, మూలుగుతున్నా, నాలుక నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. నెమ్ము చేసిందనుకుని సాంబ్రాణి పొగ వేస్తూ కూర్చోకూడదు. పసివాళ్లు అయిదారు సెకన్లు ఊపిరి ఆపి మళ్లీ తీసుకోవడం మామూలే, దానికి టెన్షన్ వద్దు. 20 సెకన్లు ఆగితే మాత్రం అది ఆప్నియా, క్షణం ఆలస్యం చేయకూడదు.

ఆపరేషన్లే లేకపోతే ఎందరు తల్లులు దక్కేవారు అని కొందరు అడుగుతారు. బీపీ పెరిగినా, బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు తగ్గినా సిజేరియన్ చేయాల్సిందే. నేను వద్దంటున్నది పంచాంగం కోసం పెట్టే కోతను.

అలాగని కుటుంబాలను తిట్టి లాభం లేదు. నొప్పులంటే వణికిపోయే అమ్మాయికి ప్రసూతి గదిలో ధైర్యం చెప్పేవాళ్లు ఎవరున్నారు? కసుర్లు, పక్క మంచం కేకలు విన్నవాళ్లు ఆపరేషనే నయమనుకుంటారు. తెలంగాణ 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే కాన్పు చేయించే శిక్షణ మొదలుపెట్టింది. మన ప్రసూతి వైద్యానికి అసలు కావలసింది అదే. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ చేతికొచ్చేదాకా పక్కనే ఉండే మిడ్‌వైఫ్ రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఏరియా ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీలో సైతం ఉండాలి. ప్రైవేటు ఆసుపత్రులు 39 వారాలు నిండకుండా చేసిన ప్రతి సిజేరియన్‌కూ వైద్య కారణం రాసివ్వాలి. ‘కుటుంబం కోరిక’ అని రాస్తే జిల్లా వైద్యాధికారి ఒప్పుకోకూడదు.