అర్ధరాత్రి మోగే ఎలక్ట్రిక్ కారు: ఆ ఏడు జాగ్రత్తల్లో పనికొచ్చేది ఒక్కటే

"మీ ఈవీ రాత్రిపూట ఊరికే మోగుతోందా? ప్రమాదం పొంచి ఉంది! ఈ ఏడు జాగ్రత్తలు వెంటనే పాటించండి" అనే సందేశం మళ్లీ వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, కాలేజీ గ్రూపులో రెండుసార్లు, చుట్టాల గ్రూపులో ఎన్నిసార్లో లెక్కే లేదు. పంపినవాళ్లంతా కింద "ఇది నిజమేనా అండీ?" అని అడుగుతున్నారు. పది గ్రూపుల్లోకి తోసేశాక ఆ అనుమానం రావడమే విచిత్రం. సరే, అడిగారు కాబట్టి చెప్పాల్సిందే.

చూడనివాళ్ల కోసం ఆ ఏడూ ఇవి. అలారం మోగుతోందంటే పెద్ద బ్యాటరీ పేలబోతోందని అర్థమట. దొంగలు కీ సిగ్నల్ లాగుతున్నారు కాబట్టి కీని వంటింటి ఫాయిల్‌లో చుట్టాలట. రోజూ రాత్రి 12 వోల్టుల బ్యాటరీ (కారును నడిపే పెద్దది కాదు, తాళాలు, లైట్లు, అలారం నడిపే చిన్నది) నెగటివ్ తీసేయాలట. అప్పటికీ మోగితే బానెట్ కింద నారింజ రంగు వైరు ప్లగ్గు ఒకసారి పీకి పెట్టాలట. బానెట్‌లో కలరా ఉండలు వేయాలి, అద్దానికి వేలాడే బొమ్మలు తీసేయాలి, 80 శాతం మించి చార్జింగ్ పెట్టకూడదు.

చిల్లరవి ముందు తేల్చేద్దాం. 80 శాతం సంగతి సెల్స్ మన్నికకు సంబంధించింది, అలారానికి కాదు. పైగా ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఉన్న కార్లకు అప్పుడప్పుడూ 100 శాతం దాకా పెట్టమని కంపెనీలే చెబుతాయి. కలరా ఉండల వాసనకు ఎలుకలు పారిపోతాయో లేదో గానీ, బ్లోవర్ గాలి పీల్చే చోటు బానెట్ వెనక అంచునే కదా, ఆ వాసన లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం తప్పదు. ఎలుకలు వైర్లు కొరకడం నిజమే. బానెట్ స్విచ్ వైరు కొరికితే అలారం మోగడమూ నిజమే. అది కళ్లతో చూసి పట్టుకోవాల్సిన పని.

ఇక పేలుడు సంగతి. కారులో అరిచేది దొంగల అలారం. దానికి తెలిసినవి తలుపులు, బానెట్, డిక్కీ, క్యాబిన్‌లో కదలిక, కొన్ని కార్లలో కారు ఒరగడం. బ్యాటరీ ప్యాక్ ఉష్ణోగ్రతతో దానికి పనిలేదు. ప్యాక్‌లో సెల్ అదుపు తప్పితే ఇచ్చే హెచ్చరిక వేరే ఏర్పాటు. క్యాబిన్‌లోకి ప్రమాదం రావడానికి కనీసం 5 నిమిషాల ముందే చెప్పాలని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన ఆర్100 మూడో సవరణలో ఉంది. రెంటికీ తేడా తెలియడం కష్టమేం కాదు. దొంగల అలారం మోగుతుంటే ఇండికేటర్లు కొట్టుకుంటాయి, మోత చాలా కార్లలో అర నిమిషానికి ఆగుతుంది, కీలో అన్‌లాక్ నొక్కితే వెంటనే ఆగుతుంది. బ్యాటరీ సమస్య అయితే డ్యాష్‌బోర్డ్‌లో ఎర్ర హెచ్చరిక, కారు కింద నుంచి పొగ, బుసకొట్టే చప్పుడు, ఘాటు వాసన ఉంటాయి. వీటిలో ఏది కనిపించినా కీ సంగతి మర్చిపోయి దూరం జరిగి 101కో 112కో ఫోన్ చేయాలి. రెండో రకం కంగారును మొదటి రకానికి అంటగట్టి, అర్ధరాత్రి సెల్లార్ మొత్తం ఖాళీ చేయించే పని పెట్టకండి.

ఫాయిల్ సలహాలో తర్కం తలకిందులైంది. కీ సిగ్నల్‌ను సాగదీసి కారు తెరిచే దొంగలున్నారు, కాదనను. కానీ ఆ పద్ధతిలో కారు అసలు కీ వచ్చిందనే అనుకుంటుంది, తాళం తీస్తుంది, అలారాన్ని తనే ఆపుకుంటుంది. అంటే ఆ దొంగ వచ్చిన రాత్రి మీ కారు మోగదు! మోగుతోందంటే కారణం ఇంకేదో. కీ విషయంలో చూడాల్సినవి వేరు. కారు నిలిపిన గోడకు అవతలే కీ తగిలిస్తే కొన్ని మోడళ్లలో కారు నిద్రపోకుండా మాటిమాటికీ లేస్తుంది. నాలుగైదు మీటర్లు దూరం పెట్టండి. కీలోని సీఆర్2032 బిళ్ల బ్యాటరీ నీరసించాక, కీలో దాచిన మెకానికల్ తాళంచెవితో తలుపు తీస్తే చాలా కార్లు గట్టిగా మోగుతాయి, ఎందుకంటే కీ గుర్తింపు ఇంకా అందలేదు. కంగారు పడకుండా లోపల కూర్చుని, మాన్యువల్‌లో చెప్పిన చోట కీ ఆనించి స్టార్ట్ నొక్కితే ఆగిపోతుంది. జేబులో చిల్లరతో కలిసి కీ మీది పానిక్ బటన్ నొక్కుకుపోవడం కూడా మామూలే.

మూడో సలహాకు వద్దాం. నా కోపమంతా దీని మీదే. రోజూ రాత్రి 12 వోల్టుల నెగటివ్ తీసేయాలట!

కొన్ని మోడళ్లలో సైరన్‌కు సొంతంగా చిన్న బ్యాటరీ ఉంటుంది. దొంగ బానెట్ ఎత్తి కరెంటు కోసినా అరవాలనే అలా పెడతారు. మీరు స్పానర్ పట్టుకుని వెళ్లి సరిగ్గా దొంగ చేసే పనే చేస్తే అది ఊరుకుంటుందా? సొంత బ్యాటరీ లేని కార్లలోనూ తెల్లవారి తిరిగి బిగించగానే, నిన్న రాత్రి ఏ స్థితిలో ఆపారో అక్కడి నుంచే మొదలుపెట్టి మోగేవి ఉన్నాయి. రాత్రి పదకొండింటి మోతను పొద్దున్న ఆరింటికి మార్చుకోవడానికి ఇంత శ్రమ.

మోత ఒక్కటే అయితే సరే అనుకోవచ్చు. బానెట్ మూశాక దాన్ని మళ్లీ తెరిచే లీవర్ కారు లోపల ఉంటుంది. సెంట్రల్ లాక్‌కు కరెంటు లేదు కాబట్టి లోపలికి వెళ్లాలంటే కీలో దాచిన మెకానికల్ తాళంచెవే దిక్కు, అదీ డ్రైవర్ తలుపుకే. చార్జింగ్ గన్ పెట్టి ఉంటే దాన్ని పట్టి ఉంచే పిన్ను మోటారుతో కదిలేది, కాబట్టి గన్ అక్కడే ఇరుక్కుంటుంది. చార్జింగ్ నడుస్తుండగా తీస్తే ఇంకా అన్యాయం. అప్పుడు డీసీ-డీసీ కన్వర్టర్ (పెద్ద బ్యాటరీ కరెంటుతో చిన్నదాన్ని చార్జ్ చేసేది) ఆ లైనుకు 14 వోల్టుల దాకా పంపుతూ ఉంటుంది. ఆ ఊపును మింగే బ్యాటరీ మధ్యలో లేకపోతే వోల్టేజి ఎగిరిపడుతుంది, ఆ దెబ్బ కారులోని ఏ కంట్రోల్ మాడ్యూల్‌కు, అంటే ఏ చిన్న కంప్యూటర్‌కు తగులుతుందో మీ అదృష్టం. తిరిగి పెట్టాక అద్దాలు పైదాకా ఎక్కకపోవడం, గడియారం మొదటికి రావడం బోనస్.

అన్నిటికంటే నవ్వొచ్చేది ఇది: పెద్ద బ్యాటరీ పేలుతుందని మొదటి సలహాలో భయపెట్టారు కదా, ఆగి ఉన్న కారులో ఆ బ్యాటరీని కనిపెట్టి ఉండే కంట్రోలర్‌కు కరెంటు ఈ 12 వోల్టుల నుంచే. మూడో సలహాతో కాపలావాణ్ణి ఇంటికి పంపేశారు. రాసినాయన తను రాసింది తనే చదివినట్టు లేదు.

ఒకటి ఒప్పుకోవాలి. నెలల తరబడి కారు కదపకుండా ఊరెళ్లేవాళ్లకు నెగటివ్ తీయమని కొన్ని మోడళ్ల మాన్యువల్‌లోనే ఉంటుంది. ఆ పని రోజూ రాత్రి చేసేది కాదు, దానికో వరస ఉంది. గన్ తీసేయాలి. కారు అన్‌లాక్ చేసి, డ్రైవర్ అద్దం కొంచెం దించి, బానెట్ తెరిచి, కారు ఆఫ్ చేసి, కీ దూరంగా పెట్టి పావుగంట ఆగాలి. తర్వాత, చాలా కార్లలో 10 మిల్లీమీటర్ల స్పానర్ సరిపోతుంది, నెగటివ్ మాత్రమే వదులు చేసి టెర్మినల్‌కు గుడ్డ చుట్టాలి.

నాలుగోదానికి వెటకారం పనికిరాదు. నారింజ రంగు కేబుల్ అంటే మన కార్లలో మామూలుగా 300 నుంచి 400 వోల్టుల డీసీ, కొన్నింటిలో 800 దాకా. డీసీలో 60 వోల్టులు దాటితేనే ప్రమాదకరం కింద లెక్క. కారు ఆపినా ఇన్వర్టర్ (మోటారుకు కరెంటు అందించే పెట్టె) కెపాసిటర్లలో కొంతసేపు చార్జ్ మిగిలే ఉండొచ్చు. అందుకే సర్వీస్‌లో సైతం శిక్షణ ఉన్నవాళ్లే సర్వీస్ ప్లగ్గు తీసి, చెప్పినంతసేపు ఆగి, 1000 వోల్టులకు తట్టుకునే గ్లౌజులతో, మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెడతారు. దొంగల అలారానికి, ఆ కేబుల్‌కు ఏ సంబంధమూ లేదు. ముట్టుకోకండి. ఈ ఒక్క ముక్క కోసమైనా ఆ సందేశాన్ని గ్రూపుల్లోంచి తీసేయండి.

మరి ఎందుకు మోగుతోంది? మొదటి అనుమానం ఆ 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీదే. పెట్రోలు కారులో అది నీరసిస్తే పొద్దున్న స్టార్టర్ మూలుగుతుంది, మనకు తెలిసిపోతుంది. ఈవీలో స్టార్టరే లేదు. కాంటాక్టర్లను (పెద్ద బ్యాటరీని కారుకు కలిపే స్విచ్‌లను) లాగడానికి కొన్ని యాంపియర్లు చాలు, కాబట్టి సగం చచ్చిన బ్యాటరీ కూడా నెలల తరబడి గుట్టుగా నెట్టుకొస్తుంది. రాత్రి ఏ యాప్ కోసమో కారు నిద్ర లేచినప్పుడు వోల్టేజి ఒక్కసారి కుంగుతుంది. సైరన్ దాన్ని వైరు కోసినట్టు లెక్కేస్తుంది, లేదా తలుపులు, లైట్లు చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్ తడబడి తలుపు తెరిచినట్టు చదువుతుంది. మన ఎండలకు లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నాలుగేళ్లు మన్నితే గొప్ప.

కొలవడానికి మామూలు మల్టీమీటర్ చాలు, 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. బానెట్ తెరిచి ఉంటే కారు పూర్తిగా నిద్రపోదు, కాబట్టి బానెట్‌ను పట్టి ఉంచే లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో రెండు క్లిక్కులు నొక్కి మూసినట్టు నమ్మించి, కారు లాక్ చేసి రెండు గంటలు ఆగండి. (కొలిచాక లీవర్ లాగి లాచ్ వదిలించాకే బానెట్ దించాలి, మరిచిపోతే రేకు వంగుతుంది.) 12.6 ఉంటే బాగున్నట్టు, 12.2 అంటే సగం ఖాళీ, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ, చార్జ్ చేసినా నిలవకపోతే మార్చే వేళయింది. తర్వాత కారును రెడీలోకి, అంటే నడపడానికి సిద్ధమైన స్థితికి తెండి. 13.5 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే తప్పు బ్యాటరీది కాదు, కన్వర్టర్ వైపుది, సర్వీస్‌కు వెళ్లాల్సిందే. ఈ అంకెలు లెడ్ యాసిడ్‌కే. చిన్న బ్యాటరీ కూడా లిథియమే ఉన్న మోడళ్లకు పనికిరావు.

బ్యాటరీని తినేవాటిని కూడా చూడండి. పార్కింగ్ మోడ్‌లో డ్యాష్‌క్యామ్ 0.3 యాంపియర్ లాగితే మూడు రోజుల్లో 21 యాంపియర్ అవర్లు దాటుతుంది. 45 యాంపియర్ అవర్ల బ్యాటరీలో దాదాపు సగం. బయట బిగించిన జీపీఎస్ ట్రాకర్, యాక్సెసరీ షాపు సైరన్ ఉంటే ముందు అవి విప్పి రెండు రాత్రులు చూడండి.

రెండో అనుమానం బానెట్ స్విచ్. ప్రెషర్ వాటర్‌తో కడిగించిన రోజు రాత్రే మోగిందంటే దాదాపు ఇదే. పెట్రోలు ఇంజిన్ వేడికి ఆ తడి పది కిలోమీటర్లలో ఆరిపోయేది. ఈవీలో అంత వేడి ఎక్కడిది? డ్యాష్‌బోర్డ్‌లో బానెట్ గుర్తు చూస్తూ ఒకరు లాచ్‌ను వేలితో కదిలించండి, గుర్తు మినుకుమంటే దొరికినట్టే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చి, కనెక్టర్‌కు సిలికాన్ గ్రీజు పల్చగా పూయండి. డబ్ల్యూడీ-40 స్ప్రే తడిని తోలుతుంది గానీ దాని జిడ్డుకు దుమ్ము పట్టి నెలకే మళ్లీ మొదలు. బానెట్ ఒక మూల ఎత్తుగా కూర్చుంటే అది ఆనే రబ్బరు బుష్‌లను అర చుట్టు తిప్పి సరిచేయాలి. తలుపులకూ డిక్కీకీ పరీక్ష ఇదే: మూసి, చేత్తో ఊపుతూ గుర్తు చూడటం.

ఇప్పుడు ఆ ఆరో సలహా. అద్దానికి వేలాడే బొమ్మలు తీసేయమన్నది అక్షరాలా సరైనది! ఆయన చెప్పిన కారణం 'అయస్కాంత తరంగాలు', అది వదిలేయండి. క్యాబిన్ సెన్సర్ మనకు వినపడని ధ్వనిని వదిలి, తిరిగొచ్చేదాంట్లో మార్పు చూస్తుంది. కిటికీ అద్దం అంగుళం దిగి ఉన్నా, ఫోన్ నుంచి ఏసీ వేసినా ఆంజనేయస్వామి బొమ్మ ఊగుతుంది, సెన్సర్‌కు మనిషి కదిలినట్టే. దాన్ని నిర్ధారించుకోవడం తేలిక. సెట్టింగ్‌లలో క్యాబిన్ సెన్సర్ ఒక్కటే ఆపి రెండు రాత్రులు చూడండి. మోత ఆగితే లోపలి కారణమే, ఆగకపోతే తలుపో బానెట్టో బ్యాటరీయో. టిల్ట్ సెన్సర్ (కారు ఒరగడాన్ని పసిగట్టేది) ఉన్న కారును, కార్లను ఒకదానిపై ఒకటి ఎత్తి నిలిపే మెకానికల్ స్టాక్ పార్కింగ్‌లో పెట్టేవాళ్లు ప్లాట్‌ఫామ్ ఎక్కేముందు దాన్ని ఆపాలి. రాత్రంతా మెల్లగా గాలి దిగే టైరు కూడా కారును ఒరగదీస్తుంది.

ఇలాంటి సందేశాలు ఎందుకు తిరుగుతాయో కూడా నాకు తెలుసు. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం సార్, ఇక రాదు" అని పంపేసే సర్వీస్ సెంటర్ల పుణ్యం కొంత ఉంది. కాబట్టి వెళ్లేముందు మోగిన తేదీ, సమయం, అప్పుడు చార్జింగ్‌లో ఉందా, వాన పడిందా రాసుకుని వెళ్లండి. బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లో చివరి అలారం కారణం చూసి చెప్పమని జాబ్ కార్డులో రాయించండి. చాలా మోడళ్లలో డ్రైవర్ తలుపా, బానెట్టా, క్యాబిన్ సెన్సరా అన్నది అందులో నమోదవుతుంది, స్కానర్ పెడితే ఐదు నిమిషాల పని. అది చూడకుండా సైరన్ మారుస్తామంటే ఒప్పుకోకండి.