ఒక కుర్రాడు, ఒక పసివాడు, మధ్యలో అమోనియా

తిన్న పప్పు, గుడ్డు, మాంసం ఒంటికి పట్టాక కొంత చెత్త మిగులుతుంది. అందులో ముఖ్యమైనది అమోనియా. బస్టాండు మరుగుదొడ్డి దగ్గర ముక్కు మూసుకునేలా చేసే ఘాటు అదే. ఒంట్లో మాత్రం అది రక్తంలో తిరగకుండా కాలేయం పట్టుకుని, యూరియాగా మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. ఈ పనిని అరడజను ఎంజైములు ఇటుకలు చేతులు మార్చే కూలీల వరుసలా చేస్తాయి. వరుసలో ఒకరు రాకపోతే ఇటుకలు అక్కడే గుట్ట పడతాయి. అమోనియా గుట్ట పడితే దెబ్బ తగిలేది మెదడుకి.

ఆ వరుసలో చెరొక చోట ఖాళీతో పుట్టిన ఇద్దరి గురించి ఈ వ్యాసం. ఇద్దరికీ చికిత్స జరిగింది ఒకే ఊళ్లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న ఆస్పత్రుల్లో. ఒకడు 1999లో చనిపోయాడు. రెండోవాడు 2025 జూన్‌లో ఇంటికి వెళ్లాడు. రెండోవాడి వార్త మన పత్రికల్లో, ఛానళ్లలో బాగానే వచ్చింది. ‘అద్భుతం’ అన్న మాట కూడా దానితోపాటే వచ్చింది. మొదటివాడి ఊసు చాలా వార్తల్లో లేదు. అతన్ని వదిలేసి రెండోవాడి గురించి చెప్పుకుంటే అది సగం కథే అని నా అభిప్రాయం.

మొదటివాడు జెస్సీ గెల్సింగర్. అతనిది అరిజోనా రాష్ట్రం. ఓటీసీ అనే ఎంజైము లోపం. ఒంట్లో కొన్ని కణాల్లో ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు బాగానే ఉండేది, కొన్నింట్లో లేదు. అందుకే బతికి బట్టకట్టాడు. మాంసకృత్తులు బాగా తగ్గించిన తిండి, రోజుకు 30కి పైగా మాత్రలు. పద్దెనిమిదేళ్లు నిండగానే, పెన్సిల్వేనియాలో జరుగుతున్న జన్యు చికిత్స ప్రయోగంలో చేరాడు. దానివల్ల తనకు ఒరిగేదేమీ లేదని అతనికి తెలుసు. ఎంత మోతాదు వరకు ఒళ్లు తట్టుకుంటుందో చూడటానికి పెట్టిన ప్రయోగం అది. ఇదే లోపం తీవ్రంగా ఉండి, పుట్టిన వారం తిరక్కుండానే పోయే పసిపిల్లలకు పనికొస్తుందన్నదే అతని ఆశ.

1999 సెప్టెంబరు 13న, మంచి ఓటీసీ జన్యువును మోసుకెళ్లే అడినోవైరస్‌ను కాలేయానికి వెళ్లే ధమనిలోకి ఎక్కించారు. ఆ ప్రయోగంలో అతను 18వ వ్యక్తి. మోతాదు అన్నిటికంటే పెద్దది. రాత్రికే జ్వరం వచ్చింది. మర్నాటికి కళ్లు పచ్చబడ్డాయి. రోగనిరోధక వ్యవస్థ వైరస్ మీద విరుచుకుపడి, ఆ ఊపులో ఒక్కో అవయవాన్నీ దెబ్బతీసింది. 17వ తేదీన చనిపోయాడు. జన్యు చికిత్స ప్రయోగంలో, ఆ చికిత్స వల్లే చనిపోయినట్టు నమోదైన మొదటి మనిషి అతనే.

తర్వాత అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తవ్వితే బయటపడిన సంగతులు మామూలువి కావు. చికిత్సకు ముందు అతని రక్తంలో అమోనియా, ప్రయోగం నిబంధనల్లో వాళ్లే రాసుకున్న హద్దు దాటి ఉంది. అంతకుముందు మందు తీసుకున్న కొందరిలో కాలేయం దెబ్బతిన్న సూచనలు కనిపించినా చెప్పాల్సిన పద్ధతిలో చెప్పలేదు. ఇలాంటి వైరస్ ఎక్కువ మోతాదులో ఇచ్చిన కోతులు చచ్చిపోయిన సంగతి, సంతకం పెట్టించుకున్న కాగితాల్లో లేదు. ప్రయోగాన్ని నడిపిన సంస్థ అధిపతి జేమ్స్ విల్సన్‌కు ఈ రంగంలోనే ఉన్న ఒక కంపెనీలో వాటా ఉంది, విశ్వవిద్యాలయానికీ ఉంది. 2005లో అమెరికా ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకుని విశ్వవిద్యాలయం 5 లక్షల డాలర్లకు పైగా కట్టింది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. మనుషుల మీద ప్రయోగాలు నడపకుండా విల్సన్‌పై కొన్నేళ్లు ఆంక్షలు పెట్టారు.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. మందు పసిపిల్లల కోసమైతే, ఆరోగ్యంగా తిరుగుతున్న కుర్రాడికి ఎందుకు ఎక్కించారు? దీని వెనక ఒక సలహా ఉంది. బిడ్డ చావుబతుకుల్లో ఉన్నప్పుడు తల్లిదండ్రులు ఏ కాగితం మీదైనా సంతకం పెడతారు, దాన్ని ఇష్టపూర్వక అంగీకారం అనలేం అని విశ్వవిద్యాలయంలోని వైద్యనీతి నిపుణుడు ఆర్థర్ కాప్లన్ అన్నారు. ఆ మాటలో తప్పు పట్టలేం. ఆస్పత్రిలో మనవాళ్ల ఆపరేషన్‌కి ముందు ఫారాల మీద సంతకం చేసినవాళ్లకి ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. నేనూ చేశాను, ఒక్క వాక్యం చదవకుండా, ఎక్కడ పెట్టాలో చూపిస్తున్న నర్సు వేలు వైపే చూస్తూ. అయితే అంత మంచి సలహా చివరికి, పోగొట్టుకోవడానికి ఎంతో ఉన్న మనిషిని ఆ మంచం మీదికి తెచ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు జన్యు చికిత్స అంటే డబ్బు పెట్టేవాళ్లు మొహం చాటేశారు. విల్సన్ ల్యాబు మాత్రం ఒంటిని అంతగా రెచ్చగొట్టని వైరస్‌ల వేటలో పడింది. అలా దొరికిన ఏఏవీ9 అనే వైరస్ మీద ఎక్కి వచ్చిందే, కండరాలు క్షీణించే ఎస్‌ఎంఏ అనే జన్యు వ్యాధికి ఇచ్చే జోల్‌జెన్‌స్మా, మన భాషలో ‘16 కోట్ల ఇంజక్షన్’. 2021లో హైదరాబాద్‌లో ఒక పిల్లాడి కోసం వేలమంది విరాళాలు పోగేసి తెప్పించింది దాన్నే. అదే క్యాంపస్‌లో 2012లో, రక్త క్యాన్సర్‌తో ఉన్న ఆరేళ్ల పాపకు కార్-టీ కణాలు (క్యాన్సర్‌ను వేటాడేలా జన్యువులు మార్చిన ఆమె రోగనిరోధక కణాలే) ఎక్కిస్తే జెస్సీ ఒంట్లో లేచినలాంటి తుపానే లేచింది. ఈసారి డాక్టర్లు రక్తంలో ఏది పెరిగిందో గబగబా కొలిచారు. రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే ఐఎల్-6 అనే ప్రోటీన్ విపరీతంగా ఉంది. దాన్ని అణిచే కీళ్లవాతం మందు ఇచ్చారు. పాప బతికింది.

ఇంకో భవనంలో శాస్త్రవేత్త కాటలిన్ కారికో, ఏ ప్రోటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే ఎంఆర్‌ఎన్‌ఏ మీద పనిచేస్తుండేది. నిధులు తేవడం లేదని 1995లో ఆమెను హోదా తగ్గించి కూర్చోబెట్టారు. జిరాక్స్ మెషిన్ దగ్గర పరిచయమైన డ్రూ వైస్‌మన్‌తో కలిసి 2005లో ప్రచురించిన పేపరే ఆ తర్వాత కొవిడ్ టీకాలకు పునాది. 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. విశ్వవిద్యాలయం ఇప్పుడు ఆమె పేరు గర్వంగా చెప్పుకుంటోంది. నోబెల్ వచ్చాక చెప్పుకోవడం ఎవరికైనా తేలికే.

ఈ దారులన్నీ కలిసిన చోట రెండోవాడు వస్తాడు. పత్రికలు కేజే అని పిలిచిన ఈ పిల్లాడు 2024 ఆగస్టులో పుట్టాడు. సీపీఎస్1 అనే ఎంజైము లోపం, దాదాపు 13 లక్షల మందిలో ఒకరికి వచ్చేది. రెండు రోజులు తిరక్కుండానే పాలు మానేశాడు, మత్తుగా పడి ఉన్నాడు. మామూలుగా 35 దాటకూడని అమోనియా వెయ్యి దాటింది. వెంటనే డయాలిసిస్ పెట్టారు. ఈ లోపం తీవ్రంగా ఉన్న పిల్లల్లో సుమారు సగంమంది పసితనంలోనే పోతారు. మిగిలిన దారి కాలేయ మార్పిడి, దానికి ఒళ్లు కాస్త గట్టిపడాలి. అప్పటిదాకా ఏ చిన్న జ్వరం వచ్చినా అమోనియా ఎగబాకుతుంది, మెదడుకి నష్టం జరిగిపోతుంది.

విశ్వవిద్యాలయంలో కిరణ్ ముసునూరు, పక్కనే ఉన్న ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో రెబెక్కా ఆరెన్స్-నిక్లస్ ఈ కేసును చేపట్టారు. ముసునూరు అన్న ఊరు ఏలూరు జిల్లాలో ఉంది కాబట్టి ఆ పేరు కనబడగానే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి. అది పక్కన పెడదాం. పిల్లాడి జన్యువులో ఒక్క అక్షరం మారి, వాక్యం మధ్యలో పూర్ణవిరామం పడినట్టయింది. ఎంజైము తయారీ సగంలోనే ఆగిపోతోంది. జన్యువును కోయకుండా ఆ ఒక్క అక్షరాన్ని దిద్దే బేస్ ఎడిటర్‌ను ఆ పిల్లాడి కోసమే తయారు చేశారు. అతని లోపాన్నే ఎలుకల్లో పెట్టి చూశారు, భద్రత కోసం కోతుల్లో చూశారు. ఇదంతా ఆరు నెలల్లో. మామూలుగా ఏళ్లు పట్టే పని అది. ఎఫ్‌డీఏ వారంలో అనుమతించింది.

2025 ఫిబ్రవరిలో మొదటి డోసు ఇచ్చారు. ఇందులో వైరస్ లేదు. దిద్దే యంత్రం తాలూకు సూచనలను ఎంఆర్‌ఎన్‌ఏగా రాసి, కొవ్వు రేణువుల్లో చుట్టి సెలైన్‌లా ఎక్కించారు. రేణువులు నేరుగా కాలేయానికి చేరతాయి. వైరస్ అయితే ఒంటికి ఒకసారి తెలిశాక రెండోసారి దగ్గరికి రానివ్వదు. దీన్ని మళ్లీ ఇవ్వొచ్చు. అందుకే ముందు బాగా చిన్న డోసు ఇచ్చి, చూసి, తర్వాత పెంచిన డోసు రెండుసార్లు ఇచ్చారు. 1999లో జెస్సీకి దొరకని వెసులుబాటు ఇదే.

ఏప్రిల్‌కల్లా కేజే మునుపటి కంటే ఎక్కువ మాంసకృత్తులు తినగలిగాడు. అమోనియా తగ్గించే మందు సగానికి తగ్గింది. జలుబు చేసినా అమోనియా కొండెక్కలేదు. పుట్టిన 307 రోజులకు ఆస్పత్రి గడప దాటాడు.

నయమైందా? డాక్టర్లు ఆ మాట అనలేదు. కాలేయంలోంచి ముక్క తీసి చూస్తే తప్ప ఎన్ని కణాల్లో అక్షరం మారిందో లెక్క తేలదు. అంత చిన్న పిల్లాడికి ఆ సూది గుచ్చడం మంచిది కాదని ఊరుకున్నారు. ఇంటికి వెళ్లేనాటికి మందులు ఇంకా వాడుతూనే ఉన్నాడు. ఒక్కడి అనుభవం ఇది. ఇంకో సంగతి, 2025లో సంతకం పెట్టింది కూడా చావుబతుకుల్లో ఉన్న బిడ్డ తల్లిదండ్రులే. కాప్లన్ అభ్యంతరానికి జవాబు దొరికిందని నేననుకోను. మారిందల్లా, ప్రయోగం వల్ల మేలు జరిగితే అది ఆ బిడ్డకే జరుగుతుందన్నది. తల్లిదండ్రుల నిస్సహాయత అలాగే ఉంది.

కేజేకు మొదటి డోసు పడి నెల తిరగకుండానే అమెరికా ప్రభుత్వం ఈ విశ్వవిద్యాలయానికి 17.5 కోట్ల డాలర్లు నిలిపేసింది. గొడవ పరిశోధన గురించి కాదు, ఈత పోటీల్లో ట్రాన్స్‌జెండర్ క్రీడాకారిణి గురించి. జులైలో రాజీపడి విడుదల చేశారు. పాతికేళ్లు పట్టే పనిని నాలుగు నెలల రాజకీయం ఎలా చూస్తుందో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్కటి చాలు.

ఇక మన సంగతి. మా అమ్మమ్మగారి ఊళ్లో పెంటయ్య తాత ఉండేవాడు. ఆయనకు ముందు ముగ్గురు పుట్టి దక్కలేదట. నాలుగోవాణ్ని పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని, ఆ పేరు పెట్టారు. ఎవరికీ అక్కర్లేనివాడిలా కనబడితే మృత్యువు కూడా వదిలేస్తుందని. ఎంగిలి విస్తరిలో పొర్లించిన పుల్లయ్యలదీ ఇదే కథ. అలా పోయిన పిల్లల్లో ఎక్కువమందిని ధనుర్వాతమో, విరేచనాలో, న్యుమోనియానో తీసుకెళ్లి ఉంటుంది. కానీ చక్కగా పుట్టి, మూడో రోజున పాలు మానేసి, మత్తులోకి జారిపోయినవాళ్లూ కొందరుండే ఉంటారు. వాళ్ల అమోనియా ఎవరు చూశారు?

సీపీఎస్1 లాంటి లోపం బయటపడాలంటే తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ పాడైన జన్యువే రావాలి. పిల్ల కళ్లముందే ఉంటుందనీ, ఆస్తి బయటికి పోదనీ మేనమామకో మేనబావకో ఇచ్చే ఇళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికాలు దేశంలో ఎక్కువగా జరిగేది దక్షిణాదిలోనే. కాబట్టి ఫిలడెల్ఫియా వార్త మనకు దూరపు వింత కాదు.

అయినా మనకు ముందు కావాల్సింది జన్యు సవరణ కాదు. మూడో రోజు పాలు మానేసిన పిల్లాణ్ని తీసుకొస్తే ఏ డాక్టరైనా ముందు సెప్సిస్ (ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్) అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెడతారు. అది సబబే, అదే ఎక్కువగా ఉండేది కనుక. కానీ దానితోపాటే అమోనియా కూడా చూడాలి. ఈ పరీక్షకో ఇబ్బంది ఉంది. తీసిన రక్తాన్ని అలా వదిలేస్తే సీసాలోనే అమోనియా పెరుగుతూ పోయి లెక్క తప్పుతుంది. ట్యూబును ఐస్ ముక్కల్లో పెట్టి నిమిషాల్లో ల్యాబుకి చేర్చాలి. నిజంగా పెరిగిందని తేలితే మాంసకృత్తులు ఆపి, గ్లూకోజ్ ఎక్కించి, సోడియం బెంజోయేట్ మొదలుపెట్టొచ్చు. నిల్వ పచ్చళ్లు పాడవకుండా కలుపుతారే, ఆ రసాయనమే, మందు నాణ్యతలో. అప్పటికీ తగ్గకపోతే డయాలిసిస్. కేజేను ఆరు నెలలు నిలబెట్టి ఉంచింది ఇలాంటి పాత వైద్యమే. అదే లేకపోతే బేస్ ఎడిటర్ తయారయ్యేసరికి ఎక్కించడానికి పిల్లాడు ఉండేవాడు కాదు.

మన దగ్గర ఏమీ లేదని కాదు. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం జాబితాలో ఈ యూరియా తయారీ లోపాలు ఉన్నాయి. గుర్తింపు పొందిన కేంద్రాల్లో 50 లక్షల దాకా సాయం అందుతుంది. అలాంటి ఒక కేంద్రం హైదరాబాద్‌లోనే, జన్యు పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆస్పత్రి కలిసి నడిపేది. హబ్సిగూడలో కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, పంజాగుట్టలో నిమ్స్. మెట్రో ఎక్కితే గంటలోపు దూరం. ల్యాబున్న ఐఐటీ బాంబే, రోగులున్న టాటా మెమోరియల్ చేతులు కలిపితేనే కదా, 2023 అక్టోబరులో అనుమతి పొందిన మన సొంత కార్-టీ చికిత్స, అమెరికా ధరలో దాదాపు పదో వంతుకు వచ్చింది.

ఇటు జిల్లా ఆస్పత్రుల ఎస్‌ఎన్‌సీయూల్లో (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డుల్లో) వార్మర్లున్నాయి, ఫ్రిజ్‌లున్నాయి, ఐస్ ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ఆ ట్యూబు పట్టుకుని ల్యాబుకి పరిగెత్తే మనిషి కావాలి. అక్కడ తలుపు తీసి మెషిన్ ఆన్ చేసే మనిషి కావాలి.